ఎవరిదీ కాని బిందె

ఆవిడ ఈ వానల మొదట్లో పోయింది. ఇప్పుడు వానలు వెనకపట్టాయి, వీధుల్లో దుర్గాపూజ పందిళ్ళకు వెదురు బొంగులు దిగుతున్నాయి. నాకు మాత్రం ఆవిడ మీద కోపం ఇంకా పోలేదు. ఆవిడ బిందె దాన్ని పోనిచ్చేట్టు కూడా లేదు. నేను కొత్తగా చేరిన ఫ్లాట్‌లో వంటింటి గుమ్మం పక్కన కూర్చుని, రోజూ పొద్దున్నే నా కాలి వేలికి తగులుతుంది. సొట్టలు పడ్డ అల్యూమినియం బిందె. అందులో నీళ్ళు పట్టడానికి లేదు, బియ్యం పోయడానికి లేదు, పారేయడానికి అసలే లేదు. ఆవిడ తమ్ముడు సామాను సర్దుతూ, "మా అప్ప ఇది నీకే ఇమ్మందమ్మా" అని నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. ఆవిడ అలా అని ఉండదు. దాన్ని ఎక్కడ పెట్టాలో ఆయనకు తోచలేదు, అంతే.

ఆవిడ నాకు రెండు విధాల పై అధికారి. సాల్ట్ లేక్ ఆఫీసులో నా సీనియర్, న్యూ టౌన్‌లో నా ఇంటి యజమానురాలు. పొద్దున ఆఫీసులో నా పనికి వంకలు పెట్టి, సాయంత్రం ఇంట్లో నా పప్పుకు వంకలు పెట్టేది. మాది వరంగల్ వైపు. ఆవిడ పుట్టి పెరిగింది ఇక్కడే, ఈ బెంగాలీల ఊళ్ళోనే, వాట్‌గంజ్ దగ్గర కార్పొరేషన్ పనివాళ్ళ లైన్లో. వాళ్ళ తాతలెప్పుడో శ్రీకాకుళం నుంచి వచ్చారు. ఆవిడకు తెలుగు చదవడం రాదు. మాట మాత్రం "ఏటి"తో మొదలుపెట్టి బెంగాలీలో ముగించేది. ఆఫీసంతా దీదీ అనేవాళ్ళు, నేను అక్కా అనేదాన్ని. ఆవిడ నన్ను అమ్మీ అనేది, కోపమొస్తే ఓలమ్మీ అనేది. నాకు ఎక్కువగా వినిపించింది ఓలమ్మీయే.

మా పని గురించి కాస్త చెప్పకపోతే ఆవిడ అర్థం కాదు. ఫోన్లకు గాలిలో చోటు పంచడం మా పని. ఇంట్లో కూర్చున్న మనిషి ఫోను వైఫై మీద నడుస్తుంది. ఆ మనిషి మాట్లాడుతూనే వీధిలోకొస్తే 4జీ టవరు అందుకోవాలి, పెద్ద రోడ్డెక్కితే 5జీ, మలుపు తిరిగితే ఇంకో టవరు. మాట తెగకుండా ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి అందిస్తూ పోవాలి. ఎక్కడైనా చోటు కొంతే ఉంటుంది. అదంతా అక్కడ కూర్చుని వీడియోలు చూసేవాళ్ళకు పంచేస్తే, మాట్లాడుతూ వచ్చే మనిషికి చోటు దొరకదు, కాల్ తెగుతుంది. అందుకని ప్రతి టవరు దగ్గరా కాస్త చోటు ఎవరికీ ఇవ్వకుండా ఉంచుతారు. ఇదేమీ ఆవిడ కనిపెట్టింది కాదు, లోకంలో అందరూ చేసేదే. అందరూ చిటికెడు ఉంచితే ఆవిడ దోసెడు ఉంచేది. మా గొడవంతా ఆ దోసెడు గురించే.

"గాలి పెరగదమ్మీ, జనమే పెరుగుతారు. ఉన్నదాన్నే సర్దాల" అనేది.

"సర్దుడంటే పంచుడు కదక్కా, ఈ దాచుడేంది?" అనేదాన్ని నేను.

"దాసడం కాదే. ఖాళీగా ఉంచడం."

ఈ రెంటికీ తేడా ఏమిటో చెప్పమని ఎన్నిసార్లు అడిగినా "ధూర్!" అని చెయ్యి విసిరేసేది. ఆ చెయ్యి విసురుడుతో ఎన్ని మీటింగులు ముగిశాయో లెక్కలేదు.

ఆవిడకో అలవాటుండేది. ఎక్కడ కూర్చున్నా ముందున్న బల్లను మోచేత్తో తోసి జానెడు మేర ఖాళీ చేసేది. మీటింగులో అయితే పక్కవాళ్ళ లాప్‌టాప్‌లు, నీళ్ళ సీసాలు జరిగేవి. భోజనం దగ్గరైతే నా కంచం జరిగేది. ఆ జానెడు చోటులో తనూ ఏమీ పెట్టేది కాదు. దాని పక్కన చెయ్యి ఆనించి అప్పుడు మాట మొదలుపెట్టేది. ఒకసారి మా మేనేజరు తెలియక తన టీ కప్పు ఆ ఖాళీలో పెట్టాడు. ఆవిడ మాట ఆపి, కప్పు తీసి ఆయన చేతికిచ్చి, ఆపిన చోటు నుంచి మళ్ళీ అందుకుంది. పాపం ఆ మనిషి మీటింగు అయ్యేదాకా కప్పు పట్టుకునే కూర్చున్నాడు.

ఆఫీసు బస్సులో ఇంకా అన్యాయం. న్యూ టౌన్‌లో ముందుగా ఎక్కేవాళ్ళం కాబట్టి మాకు సీట్లు దొరికేవి. ఆవిడ కిటికీ పక్కన కూర్చుని పక్క సీట్లో తన సంచి పెట్టేది. నన్ను కూడా అక్కడ కూర్చోనిచ్చేది కాదు, వెనక్కి పొమ్మనేది. తర్వాతి స్టాపుల్లో జనం ఎక్కి నిలబడేవాళ్ళు. సంచి వంకా ఆవిడ వంకా చూసేవాళ్ళు. "ఎవరైనా ఉన్నారా దీదీ?" అని అడిగితే "వొస్తారు" అనేది. ఒక్కోరోజు బస్సు కదిలాక ఎవరో గొడుగు పట్టుకుని పరుగెత్తుకుంటూ వచ్చి, రొప్పుతూ ఎక్కేవాళ్ళు. అప్పుడు ఆవిడ సంచి ఎత్తి ఒళ్ళో పెట్టుకుని ఆ సీటు చూపించేది. ఆ క్షణంలో ఆవిడ మొహం చూడాలి, రాజ్యం రాసిచ్చినట్టుండేది. చాలా రోజులు మాత్రం ఎవరూ పరుగెత్తుకు రారు. సంచి దర్జాగా సీట్లో కూర్చుని ఆఫీసు దాకా వచ్చేది. నిలబడ్డ వాళ్ళు దిగేటప్పుడు ఆవిడను ఏమీ అనలేక నన్ను గుర్రుగా చూసేవాళ్ళు. మేమిద్దరం ఒకే భాష మాట్లాడతామని వాళ్ళకు తెలుసు.

ఇంట్లో వైఫై కథ కూడా ఇదే. ఉండేది మేమిద్దరం. మా ఆయన హైదరాబాదులో. పెళ్ళయినప్పటి నుంచీ మా కాపురం ఫోనులోనే నడుస్తోంది. సాయంత్రం వీడియో కాల్ చేస్తే మా ఆయన మొహం ముక్కలు ముక్కలుగా కనిపించేది. ముందు కన్నులొచ్చి, తర్వాత మూతి వచ్చేది. విసుగొచ్చి చూస్తే ఆవిడ మా ఇంటి రౌటర్లో కూడా దోసెడు తీసి పక్కన పెట్టింది.

"ఏందక్కా ఇది? మనం ఇద్దరమే ఉంటే ఎవరి కోసం ఆపినవ్?"

"ఎవులైనా వొస్తే?"

"ఎవరొస్తరక్కా మనింటికి?"

"మా తమ్ముడు రాడేటి?"

తమ్ముడు మూడు నెలలకోసారి వచ్చేవాడు. వచ్చి ఫోను తీసి, "ఏటప్పా, నీ నెట్టు ఇంత నీరసంగా ఉందేటి" అని తన డేటా వాడుకునేవాడు. నేను నవ్వితే ఆవిడ నా వంక చూసేది కాదు.

ఇంకొకటి చెప్పాలి. కాల్ తెగితే ఆవిడ దాన్ని సొంత అవమానంగా తీసుకునేది. తెగిన మరుక్షణం మళ్ళీ చేసి, హలో కూడా అనకుండా, వాక్యం ఎక్కడ తెగిందో సరిగ్గా అక్కడి నుంచి అందుకునేది. బజార్లో ఉండగా ఫోను మోగి ఎత్తితే "...లో ఉప్పు తక్కువయింది" అని వినపడేది. దేనిలో తక్కువయిందో మనం గుర్తు తెచ్చుకోవాలి. మాట్లాడుతూ మధ్యమధ్యలో "ఉన్నావా? తెగిందేటి?" అని అడగడం ఆవిడకు ఊపిరి తీసుకోవడమంత అలవాటు. తెగలేదక్కా అని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టేది.

ఇక బిందె. నేను ఆ ఇంట్లో చేరిన కొత్తలో వంటింట్లో ఒక మూల బోర్లించకుండా, మూత లేకుండా, ఖాళీగా ఉండేది. ఆవిడ రోజూ దాన్ని కడిగి మళ్ళీ ఖాళీగానే పెట్టేది. ఏదో పాతకాలపు సెంటిమెంటు అనుకుని ఊరుకున్నాను. ఒకరోజు మా బిల్డింగులో పైపులు బాగుచేస్తారని, పగలంతా నీళ్ళు రావని వాచ్‌మన్ చెప్పిపోయాడు. ఆవిడ ఇంట్లో లేదు. నేను బుద్ధిగా బకెట్లు, గిన్నెలు, కుక్కరు, చివరికి టీ గిన్నె కూడా నింపాను. బిందె కూడా నింపాను. మంచి పని చేశానని సంతోషంగా ఉన్నాను.

ఆవిడ వచ్చి వంటింట్లోకి తొంగిచూసింది. బిందె ఎత్తి బాల్కనీలోకి తీసుకెళ్ళి మొక్కల్లో గుమ్మరించింది. ఇంకోపక్క కుళాయిలో చుక్క లేదు.

"అక్కా! పిచ్చి లేసిందా నీకు?"

"ఓలమ్మీ, నింపీసినావా? నింపీస్తే ఇంకేటి మిగుల్తాది?"

"నీళ్ళు మిగుల్తయి! బిందెలున్నదే నీళ్ళకు!"

ఆవిడ బిందెను తెచ్చి దాని చోట దాన్ని పెట్టి, పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. కోపంగా ఉందనుకున్నాను గానీ లేదు. ఆరోజే మొదటిసారి వాళ్ళ లైను సంగతి చెప్పింది.

"మా లైనంతటికీ ఒకటే కుళాయి. కార్పొరేషనోళ్ళు పొద్దున కాసేపు, మద్దేనం కాసేపు ఇడిసీవోళ్ళు. బిందెలు వరసలో పెట్టీవోళ్ళం. మా నాన్నది మురుక్కాలవల పని. మనిసి లోపలికి దిగితే ఎప్పుడు పైకొస్తాడో తెల్దు. ఒకరోజు ఆయన వొచ్చీసరికి వరస నిండిపోయింది, ఆయన వొంతు రాకుండానే కుళాయి ఆగిపోయింది. ఎవులి దగ్గరా మిగులు నీల్లు నేవు. ఒళ్ళంతా ఆ మురుగుతో మెట్టు మీద కూకున్నాడు. మద్దేనం నీల్లొచ్చీదాకా అలగే కూకున్నాడు. నన్ను దగ్గరికి రావొద్దని సెయ్యి సూపినాడు. నాను ఇస్కూలుకి ఎల్లలేదారోజు. ఈ పక్క మెట్టు మీద నాను కూకున్నాను."

బిందె అంచు కొంగుతో తుడిచింది.

"ఆ తరవాత మా అమ్మా ఇరుగుపొరుగోళ్ళూ వరసలో ఒక ఖాళీ బిందె పెట్టడం మొదలెట్టినారు. ఎవులిదీ కాదది. దాని వొంతు ఇంకెవులూ వాడుకోకూడదు, పని మీంచి ఎవులు ముందొస్తే ఆలు దాంతో పట్టుకోవాల. లైన్లోకి కొత్తోళ్ళొచ్చి 'ఎటా కార్?' అని అడిగీవోళ్ళు, ఇదెవరిది అని. ఎవులిదీ కాదంటే అవతలకి గిరాటేసి తమ బిందె పెట్టీవోళ్ళు. అందుకని మాకొక కట్టు ఉండీది. ఎవులడిగినా సరే, దాని దగ్గర ఎవులు నిల్సుంటే ఆలు 'ఆమార్' అనాల. నాది అని. ముసిలోళ్ళైనా గుంటలైనా అంతే. నానూ అన్నాను సానాసార్లు."

ఇంజనీరు బుద్ధి ఎక్కడికి పోతుంది? నేను ఊరుకోలేదు. "మరి మీ వరుసల ఉన్నోళ్ళకు నీళ్ళు తక్కువ గాలేదా అక్కా?"

"అయ్యీవి. మా అమ్మ రోజూ తిట్టీది."

"పని మీదికెళ్ళి ఎవరూ రాని రోజు?"

"ఖాళీగానే ఉండీది."

"మరి వేస్ట్ కదా?"

"వేస్టే" అని ఒప్పుకుని లేచి, ఆ రాత్రి వంటకు నేను పట్టిన కుక్కరు నీళ్ళు వాడేసింది. ఆవిడతో వాదించడంలో ఉన్న కష్టం ఇదే. తప్పు ఒప్పుకుంటుంది, మారదు.

కిందటేడు పూజకు మా గొడవ ముదిరింది. అప్పటికి నేను ఒక ప్రోగ్రాం రాశాను. చోటనేది ఎక్కడా క్షణం ఖాళీగా ఉండనివ్వదు. వైఫై ఇరుకైతే 4జీకి, అక్కడా ఇరుకైతే 5జీకి, ఫోన్లను అటూ ఇటూ సర్దుతూ ఉన్నదంతా పంచేస్తుంది. సాల్ట్ లేక్‌లో పెద్ద పందిరి దగ్గర, సప్తమి నాటి జనంలో దాన్ని పరీక్షిద్దామన్నాడు మేనేజరు. ఆ జనంలో కూడా స్పీడు ఒక గీత కిందికి పడకపోతే ప్రోగ్రాం పాసయినట్టు. పాసైతే దాని పని హైదరాబాదు ఆఫీసుకు వెళ్తుంది, దాంతో పాటు నేనూ వెళ్తాను. మా ఆయన అప్పటికే రెండు గదుల ఇల్లు వెతకడం మొదలుపెట్టాడు. బాల్కనీ ఫోటోలు పంపేవాడు.

లెక్కలు వేస్తే గీత దాటాలంటే ఆవిడ దోసెడు వదలాలి. వదలాలంటే ఆవిడ సంతకం కావాలి. ఆఫీసులో అడిగాను, చెయ్యి విసిరింది. ఇంట్లో అడిగాను. ఆవిడ బంగాళదుంపల చెక్కు తీస్తోంది.

"ఒక్క దినం అక్కా. సప్తమి ఒక్క దినం వదులు. మళ్ళ నీ ఇష్టం."

"ఆ ఒక్క రోజే కదేటి జనం మాటాడుతూ నడిసీది? పిల్లలు తప్పిపోతారు, ఆళ్ళ అమ్మలు ఫోనట్టుకుని ఎతుకుతా తిరుగుతారు. ఆలకి సోటు ఏదీ?"

"అందరికీ నీ దోసెడు అవసరం లేదక్కా. సగం చాలు. నేను లెక్క చూపిస్త."

"సూపించొద్దు. నీ లెక్క సరిగ్గానే ఉంటాది."

"మరేంది?"

"నువ్వు హైదరాబాద్ ఎల్లాలని నాకు తెల్సమ్మీ. నీ మొగుడు మంచోడు. నాకూ పంపించాలనే ఉంది." దుంప గిన్నెలో వేసింది. "అదడక్కు."

నేను ఆ పూట తిండి మానేశాను. ఆవిడ నా కంచంలో వడ్డించి, మూతపెట్టి, పక్కన జానెడు ఖాళీ చేసి మరీ పెట్టింది. చూస్తే ఒళ్ళు మండింది.

సప్తమి మధ్యాహ్నం ఆవిడ, నేను, మేనేజరు ముగ్గురం పందిరికి ఎదురుగా ఒక కొట్టు అరుగు మీద లాప్‌టాప్ పెట్టుకుని నిలబడ్డాం. చెమటలు కారుతున్నాయి, డప్పుల మోతలో ఎవరి మాటా వినిపించడం లేదు. జనం పెరిగేకొద్దీ స్క్రీను మీద గీతలు వంగుతున్నాయి. నా ప్రోగ్రాం పాపం చేయగలిగినంతా చేసింది. ఫోన్లను వైఫైలోంచి తీసి ఇక్కడ, ఇక్కణ్ణించి తీసి అక్కడ. ఆవిడ ఉంచిన చోటు మాత్రం చాలాసేపు తెల్లగా, ఖాళీగా ఉంది. మధ్యమధ్యలో ఏదో ఒక కాల్ వచ్చి అందులో కాసేపుండి పోయేది. అలా వచ్చినప్పుడల్లా ఆవిడ నా భుజం మీద కొట్టి వేలితో చూపించేది. నేను తెల్లగా ఉన్న మిగతాదంతా చూపించేదాన్ని.

"ఖాళీగానే ఉన్నదక్కా!" అని డప్పుల మీద నుంచి అరిచాను.

"ఉండనీ!" అని ఆవిడా అరిచింది.

స్పీడు గీత కిందికి జారింది. ఎంతో కాదు, కాస్తంతే. ఆ కాస్త ఆ తెల్లటి చోటులో సగం వదిలినా దొరికేది. మేనేజరు లాప్‌టాప్ మూసేశాడు. వచ్చే ఏడు చూద్దామన్నాడు. మా ఆయనకు ఫోన్ చేసి చెబితే, "మీ అక్కకు నేనేమన్న చేసిన్నా?" అని అడిగాడు. ఆ రెండు గదుల ఇల్లు ఇంకెవరో తీసుకున్నారు.

దసరా వెళ్ళేదాకా నేను ఆవిడతో మాట్లాడలేదు. అష్టమి నాడు పందిట్లోంచి ప్రసాదం కిచిడీ ఆకు దొన్నెలో తెచ్చి నా తలుపు దగ్గర నిలబడింది. "తిను. కోపం తిన్నాక కూడా ఉంటాది, ఎక్కడికీ పోదు" అంది. తిన్నాను. కోపం నిజంగానే ఎక్కడికీ పోలేదు. ఇల్లు మారదామని కూడా చూశాను. కానీ ఆవిడ వండినట్టు వంకాయ ఎవరూ వండరు, పైగా ఆఫీసు బస్సు గుమ్మం ముందే ఆగుతుంది. అలా ఉండిపోయాను.

ఈ వానల మొదట్లో ఒక మధ్యాహ్నం నేను ఆఫీసులో ఉండగా ఆవిడ ఫోన్ చేసింది. ఆరోజు ఒంట్లో నలతగా ఉందని సెలవు పెట్టింది.

"శనగలు నానబెట్టినావు, నీల్లు ఒంపలేదేటి? వాసనొస్తన్నాయి" అంది.

"సాయంత్రం ఒంపుతక్కా."

"నానే ఒంపీసినాను. గీజరు ఆపలేదు నువ్వు. బియ్యం డబ్బా మూత సరిగ్గా పెట్టలేదు, పురుగడతాది." ఆవిడ మాట వెనక తలుపు తాళం వేసిన చప్పుడయింది.

"ఎటు పోతున్నవక్కా?"

"గేసు పట్టీసినట్టుంది. డాక్టరుకి సూపించుకొస్తాను. తమ్ముడు బండి తెచ్చినాడు." లిఫ్టు తలుపు మూసుకుంది. మా లిఫ్టులో ఎప్పుడూ కాల్ తెగుతుంది. "ఉన్నావా? తెగిందేటి?"

"తెగలేదు."

"లిఫ్టులో కూడా తెగలేదు, సూసినావా!" గొంతులో ఎంత సంతోషమో. తర్వాత కారు తలుపు, వాన చప్పుడు, ఫ్లైఓవరు మీద హారన్లు. ఇంటి వైఫై నుంచి టవరు మీదికి, ఆ టవరు నుంచి ఇంకోదానికి ఆవిడ గొంతు పోతూనే ఉంది. ఆ దారంతా చెప్పింది ఏమిటి? శనగలు ఉడకబెట్టేటప్పుడు సోడా వేయొద్దని. పనిమనిషి రేపు రాదని. బాల్కనీలో బట్టలు తడుస్తున్నాయని. మధ్యమధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటోంది. నేను మెట్లెక్కిన ఆయాసం అనుకున్నాను. లిఫ్టులో దిగిన మనిషికి మెట్ల ఆయాసం ఎందుకుంటుందో నా బుర్రకు తట్టలేదు.

"మీటింగుందక్కా, పెట్టేస్త."

"ఉన్నావా?"

"ఉన్ననక్కా."

"దిగిపోతన్నాను. ఆస్పత్రి వొచ్చీసింది. ఎక్కడా తెగలేదే అమ్మీ" అని పెట్టేసింది.

సాయంత్రానికి ఆవిడ లేదు. గుండె అన్నారు.

నా కోపం అక్కడ. నొప్పి అని ఒక్క మాట అంటే ఆ మీటింగు ఎవడిక్కావాలి, లేచి పరిగెత్తేదాన్ని. అంత దూరం, అన్ని టవర్ల మీదుగా, ఒక్క ముక్క కూడా తెగకుండా వచ్చిన కాల్‌ని మొత్తం శనగల మీద ఖర్చు పెట్టింది. జీవితమంతా ఎవరికోసమో చోటు ఆపిన మనిషి, తనకు చోటు దొరికినప్పుడు చెప్పాల్సింది చెప్పలేదు. ఇంటికొచ్చేసరికి వంటింట్లో శనగలు నీళ్ళు ఒంపి, పొడి గుడ్డ కప్పి ఉన్నాయి. నేను నేల మీద కూర్చుని ఏడ్చాను, తిట్టాను కూడా.

కర్మలన్నీ అయ్యాక ఆఫీసులో ఆ దారి టవర్ల ఆనాటి లెక్కలు తీసి చూశాను. చూడకుండా ఉండలేకపోయాను. ఆ వేళప్పుడు దారంతా రద్దీ లేదు, కావలసినంత చోటుంది. ఆవిడ ఉంచిన దోసెడు ఎక్కడా ఎవరూ ముట్టుకోలేదు. అది లేకపోయినా ఆ కాల్ అలాగే నడిచేది. ఆవిడ ఉంటే ఈ కాగితం మొహాన పెట్టి చూపించేదాన్ని. "నీ లెక్క సరిగ్గానే ఉంటాదమ్మీ" అని చెయ్యి విసిరేసేది.

మొన్న ఈ ఏటి పూజ పరీక్ష గురించి మీటింగు పెట్టారు. అదే పందిరి, అదే సప్తమి, నా అదే ప్రోగ్రాం. పాసైతే అదే హైదరాబాదు. మా ఆయన మళ్ళీ ఇళ్ళు చూస్తున్నాడు. ఈసారి బాల్కనీ ఫోటోలు పంపడం లేదు, పాసయ్యాకే పంపుతానన్నాడు. గోడ మీద పెద్ద స్క్రీను నిండా రంగురంగుల గళ్ళు, ఏ చోటు ఎవరికి పంచామో. ఒక్కొక్క గడి కింద దాన్ని చూసే మనిషి పేరు. ఒక్క గడి తెల్లగా ఉంది. దాని కింద ఆవిడ పేరు తీసేశారు, కొత్త పేరు ఎవరిదీ రాయలేదు.

ఆవిడ కూర్చునే కుర్చీలో ఇప్పుడు ఎవరో కొత్త కుర్రాడు. బల్ల నిండా అందరి లాప్‌టాప్‌లు, కప్పులు, ఛార్జరు తీగలు. జానెడు ఖాళీ ఎక్కడా లేదు.

మేనేజరు ఆ తెల్ల గడి మీద వేలు పెట్టాడు. దాన్ని తీసేస్తే పరీక్ష పాసైపోతుందని ఆయనకు తెలుసు, నాకు ఇంకా బాగా తెలుసు. ఆయన చెడ్డవాడు కాదు, నన్ను పంపిద్దామనే చూస్తున్నాడు. నా వైపు చూసి చిన్నగా నవ్వి, ఊరికే అడగాలి కాబట్టి అందరినీ అడిగాడు.

"ఎటా కార్?"

కొత్త కుర్రాడు దాన్ని చెరిపేయడానికి మౌసు అందుకున్నాడు. నా దగ్గర సగం చాలన్న లెక్క ఉంది. ఆ లెక్క సరైనదే, ఈ రోజుకీ సరైనదే. అది చెబుదామనే నోరు తెరిచాను.

"ఆమార్" అన్నాను.

మేనేజరు నవ్వు ఆగిపోయింది. కొత్త కుర్రాడు నా పేరు అడిగి ఆ గడి కింద టైపు చేశాడు. ఇప్పుడీ సంగతి మా ఆయనకు ఫోన్ చేసి చెప్పాలి. ఆవిడే గనక బతికుంటే, ఆ ఫోను ఆవిడ చేతే చేయించి తిట్లన్నీ ఆవిడ చేతే తినిపించేదాన్ని.